పందెపు కారు : సుఖమును వ్యయమును



ఇంటికి వచ్చు వస్తువులు రెండు విధములు. కొన్ని వచ్చి మనకు పని చేయును. కొన్ని వచ్చి మనచేత పని చేయించుకొనును. తిరుగలి, కుట్టుమిషను, నీళ్లమోటారు మొదటి తెగలోనివి. ఈ నెల మేము ముచ్చటింపదలచినది రెండవ తెగలో మిక్కిలి ఖరీదైన వస్తువు. అది విదేశములనుండి వచ్చు పందెపు మోటారుకారు.

"ఇది రాజులకును సినిమా తారలకును సంబంధించిన మాట. కర్నూలు, కడప సీమలో జొన్నరొట్టె తిను మాకేల?" అని మీరడుగవచ్చును. అడుగుట న్యాయమే. కాని నేడు మన యిండ్లలో యువకుల చేతిఫోనులు తెరచి చూచిన ఈ బండ్ల బొమ్మలే కనబడుచున్నవి. కంట్రాక్టుల వలనను, గనుల వలనను, విదేశోద్యోగముల వలనను ధనము చేరిన కుటుంబములు మన ప్రాంతమునను కలవు. కోరిక గడప దాటి లోనికి వచ్చిన పిదప లెక్క చూచుటకంటె, అది గడప యొద్ద నిలిచియున్నప్పుడే చూచుట మేలు. పైగా ఆరు కోట్ల కారునకు చెప్పు లెక్కయే పదునైదు లక్షల కారునకును, రెండు లక్షల మోటారు సైకిలునకును చెల్లును. సున్నలు తగ్గునే కాని సూత్రము మారదు.

మొదట సుఖమును చెప్పుదము. ఒక వస్తువును వలదనుటకు ముందు దాని గుణమును ఒప్పుకొనుట ధర్మము. ఈ కారులలో పెక్కింటికి ఇంజను ముందు ఉండదు. నడుపువాని వీపు వెనుక నుండును. బరువు చక్రముల నడుమ చేరుటచేత మలుపులలో బండి తూలదు. మైకట్టు నేలకు ఆనుకొని యుండును, చక్రములు వెడల్పైనవి. నిలిచియున్న చోటినుండి గంటకు 100 కిలోమీటర్ల వేగమును అందుకొనుటకు సుమారు మూడు సెకనులు చాలును. మనము మూడుమార్లు కన్ను మూసి తెరచు కాలమది. పరమవేగము గంటకు 300 కిలోమీటర్లకు మించినవి అనేకములు. తోలు కుట్టుటలోను, లోహము మలచుటలోను చేతిపని తెలిసినవారి నైపుణ్యము కానవచ్చును. మంచి వీణను చూచి సంతోషించువారు మంచి యంత్రమును చూచి సంతోషించుటలో తప్పేమియు లేదు. ఈ సంతోషము మగవారిదే యనుకొనుటయు సరికాదు. స్టీరింగు చక్రమునకు స్త్రీపురుష భేదము లేదు. ఉదయమున ఎండ ముదురకముందు ఓర్వకల్లు రాతిగుట్టల ప్రక్కనుండి నంద్యాల వైపునకు బండి నడిపి, ఎదుట నల్లమల కొండల వరుసను చూచు ఆనందము ఎవరికైనను ఆనందమే.

ఈ మోజు మన సీమకు క్రొత్తదియు కాదు. శివరాత్రి, ఉగాది తిరునాళ్లలో జరుగు బండలాగుడు పందెములను ఎరుగనివారు మనలో అరుదు. పాలపండ్లు, రెండు పండ్లు, నాలుగు పండ్లు, ఆరు పండ్లు అని ఎడ్లకు తరగతులు ఏర్పరచి, నిర్ణీతకాలములో బండను ఎన్ని అడుగులు లాగినవో కొలిచి బహుమతు లిత్తురు. పేరుపొందిన ఒంగోలుజాతి జత లక్షల రూపాయలు పలుకును. ఆ యెడ్లు మడక దున్నవు, బండి లాగవు. వానికి ఉలవలు ఉడికించి పెట్టవలెను. పత్తిగింజలు, తవుడు, గ్రుడ్లు సమకూర్చవలెను. ప్రతిదినము కడిగి, తోమి, నడిపించి తేవలెను. రైతునకు వానివలన వచ్చునది ఆదాయము కాదు, ఊరిలో పేరు. బహుమతి పుచ్చుకొనునాటి ఫొటోలో ఎడ్లును, రైతును, తలపాగా చుట్టిన బంధువులును ఉందురు. వేకువనే లేచి ఉలవలు ఉడికించిన ఇల్లాలు అందులో నుండదు. ఐనను ఎడ్ల విషయమున ఒక మేలు కలదు: పేడ పొలమునకు ఎరువగును, వాని సంతతికి విలువ యుండును. కారునకు ఈ రెండును లేవు.

ఎడ్లకును పందెపు కారులకును ఇంకొక చుట్టరికము కలదు. ఇటలీ దేశమున ఫెరుచ్చో లంబోర్గిని యను నాతడు రెండవ ప్రపంచ యుద్ధానంతరము, 1948 ప్రాంతమున, సైన్యమునకు మిగిలిపోయిన యంత్రభాగములతో ట్రాక్టరులు కట్టుట మొదలిడెను. ఆ ట్రాక్టరుల వలన ధనవంతుడై, 1963లో పందెపు కారుల కర్మాగారమును నెలకొల్పెను. ఫెరారీ కంపెనీ కారులో లోపము చెప్పబోగా ఆ కంపెనీ యజమాని తేలికపరచెననియు, ఆ పౌరుషముతోనే తానును కారులు కట్టెననియు ఒక కథ వాడుకలో నున్నది. ఆతని కంపెనీ గుర్తు కొమ్ములు వంచిన ఎద్దు. 1966లో వచ్చిన మియురా మొదలుకొని ఆ కంపెనీ కారులలో పెక్కింటికి స్పెయిను దేశపు పోటీ యెడ్ల సంబంధమైన పేళ్లే పెట్టిరి. కాని ఆ తర్వాతి ముచ్చట గమనింపదగినది. ట్రాక్టరులు సంపాదించి పెట్టిన ధనము కారులలో ప్రవేశించెను. 1970ల ఆర్థిక సంకటములలో ఫెరుచ్చో తన కారుల కంపెనీని ఇతరులకు అమ్మివేసెను. పిదప అది పలు చేతులు మారి, 1998లో జర్మనీ దేశపు ఆడీ వారి వశమైనది. కట్టినవానికే నిలుపుకొనుట కష్టమైన వస్తువును కొన్నవాడు నిలుపుకొనుట ఎంత కష్టమో యోచింపుడు.

మన తెలుగునాటి నిదర్శనము హైదరాబాదులో నున్నది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఇంగ్లండులో రోల్సు రాయిసు కారు నొకదానిని, సింహాసనము వంటి ఎత్తైన ఆసనముతో చేయింప నుద్దేశించెను. 1911లో ఆయన మరణించెను. కారు ఆ పిమ్మట వచ్చినది. అనుభవింపదలచినవారికి ఎక్కు భాగ్యమే లేకపోయినది. ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాను దానిని ఉత్సవములయందే అరుదుగా వాడెను. 1937లో టైము పత్రిక వారు ఆయనను లోకమునందెల్ల ధనవంతుడని ముఖపత్రముపై వేసిరి. అట్టివాని యింట కూడ కారు చాలకాలము నిలిచియే యుండెను. ఇప్పుడది చౌమహల్లా భవనమున చూపరులకు ప్రదర్శన వస్తువు. అది పందెపు కారు కాకపోయినను, వేడుక వస్తువుల నడవడి యెట్టిదో తెలుపుచున్నది. వాడుక తక్కువ, కాపలా యెక్కువ.

ఇక వ్యయము. దీనిని కాగితముపై వ్రాసి చూడవలెను. విదేశమున పూర్తిగా కట్టబడి ఓడలో వచ్చు కారు ఖరీదు, రవాణా భీమాలతో కలిపి, రెండు కోట్ల రూపాయలనుకొందము. నలుబది వేల డాలర్లకు మించిన కారులపై 2025 ఫిబ్రవరి బడ్జెటులో మూలసుంకము నూటికి 70, దానిపై వ్యవసాయాభివృద్ధి సెస్సు నూటికి 40, వెరసి 110గా నిర్ణయించిరి. అనగా సుంకమే రెండు కోట్ల ఇరువది లక్షలు. మొత్తము నాలుగు కోట్ల ఇరువది లక్షలైనది. 2025 సెప్టెంబరు 22 నుండి పెద్ద కారులపై జి.ఎస్.టి. నూటికి 40. అది సుంకమును కలుపుకొన్న మొత్తముపై పడును గనుక, ఒక కోటి అరువదియెనిమిది లక్షలు. ఇప్పటికి లెక్క ఐదు కోట్ల ఎనుబదియెనిమిది లక్షలు. దుకాణదారుని లాభము, రాష్ట్రమునకు చెల్లింపవలసిన జీవితకాలపు పన్ను, భీమా ఇంకను వేరు. ఈ రేటులు బడ్జెటు బడ్జెటునకు మారుచుండును. ఒప్పందములచే తగ్గవచ్చును కూడ. కాని లెక్క వేయు పద్ధతి ఇదియే. సర్కారు వాటా కారు వెలకంటె ఎక్కువయగుట ఇందు చూచితిరి గదా!

ఉచితముగా వచ్చిన కారునకు సైతము ఈ బాధ తప్పదు. 2002లో క్రికెట్టు వీరుడు సచిను తెండూల్కరునకు ఫెరారీ 360 మోడెనా కారు కానుకగా వచ్చెను. దాని దిగుమతి సుంకము కోటి రూపాయలకు మించినది. 2003లో సర్కారువారు సుంకమును మాఫీ చేయగా దేశమున పెద్ద అలజడి లేచి, వ్యవహారము న్యాయస్థానము వరకు పోయెను. తుదకు ఫియటు కంపెనీవారే సుంకమును చెల్లించిరి.

రెండవ వ్యయము కంటికి కానరానిది, అది అరుగుదల. మోటారు భీమాలో బండి విలువను లెక్కించుటకు ఒక పట్టిక వాడుకలో నున్నది. మొదటి ఆరు నెలలలో నూటికి 5, ఏడాది నిండునప్పటికి 15, రెండవ యేట 20, మూడవ యేట 30, నాలుగవ యేట 40, ఐదవ యేట 50 వంతున తగ్గింతురు. మన ఐదు కోట్ల ఎనుబదియెనిమిది లక్షల కారు ఈ లెక్కన ఐదవ యేట రెండు కోట్ల తొంబదినాలుగు లక్షలు. పోయినది అంతే మొత్తము. దానిని అరువది నెలలకు పంచిన నెలకు సుమారు 4 లక్షల 90 వేలు. బండి కదలినను, కదలకున్నను ఈ సొమ్ము కరగుచునే యుండును. నెలకు రెండుమార్లు షికారు పోయితిమనుకొందము. ఐదేండ్లలో 120 షికారులు. ఒక్కొక్క షికారునకు 2 లక్షల 45 వేల రూపాయలు. పెట్రోలు ఖర్చు ఇందులో చేరలేదు.

మూడవది అప్పు. రెండు కోట్లు బ్యాంకులో అప్పు తీసికొని, నూటికి 9 వడ్డీతో ఐదేండ్లలో తీర్చుటకు నెలసరి వాయిదా సుమారు 4 లక్షల 15 వేలు. మొత్తము చెల్లించునది రెండు కోట్ల నలుబదితొమ్మిది లక్షలు. అనగా వడ్డీ నలుబదితొమ్మిది లక్షలు. అప్పు తీరునాటికి వస్తువు విలువ సగమైపోవును. "ఏనుగును కొనవచ్చును గాని మేపుట కష్టము" అని పెద్దలు ఊరక అనలేదు.

నాలుగవది పోషణ. ఇక్కడ మన సీమ స్వభావము అడ్డు తగులును. వేగనిరోధకములకు భారత రోడ్డు సభవారి ప్రమాణము ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3 మీటర్ల 70 సెంటీమీటర్లు. అట్టి మెల్లని వంపుపై ఏ బండియైనను పోగలదు. కాని ఊరూర బడి యెదుటను, గుడి యెదుటను వేసిన గట్టులు ఏ ప్రమాణమునకు లోబడునో మీకు తెలిసినదే. పందెపు కారు అడుగుభాగము నేలకు పండ్రెండు సెంటీమీటర్లకు అటునిటు ఎత్తున నుండును. జాతీయ రహదారి దిగి ఊరిలోనికి వచ్చినంతనే అడుగు గీచుకొనును. కొన్ని రకములలో ముక్కు ఎత్తు సాధన ముండును. అదియు కొద్దివేళ్ల ఎత్తు మాత్రమే. బేతంచెర్ల నాపరాళ్లతో వాకిట వేసిన ఏటవాలు సహితము ఈ కారునకు కొండయే. ముందుగా వాకిలి త్రవ్వి సరిచేయవలెను.

వేసవి ఎండ 44, 45 డిగ్రీల వరకు పోవును. ఆ యెండలో టైరులు, రబ్బరు గొట్టములు, బ్యాటరీ త్వరగా చెడును. నిలిపియుంచిన బ్యాటరీ తానే నీరసపడును గనుక దానికి నిరంతరము విద్యుత్తు అందించు పరికరము కావలెను. మరియు నిలిచిన బండిలో ఎలుకలు చేరి తీగలు కొరుకును. పెట్రోలు లీటరునకు ఊరిలో ఐదారు కిలోమీటర్లకు మించి రాదు. వెనుక చక్రముల టైరులు సాధారణపు కారు టైరులకంటె మిక్కిలి త్వరగా అరుగును. మరమ్మతునకు మన మెకానిక్కు చేతి నైపుణ్యము చాలదు. ఆ కంపెనీల కంప్యూటరు పరికరములు కావలెను. అవి బెంగుళూరు వంటి మహానగరములలోనే దొరకును. చిన్న దీపము వెలిగి ఆరిపోయినను బండిని లారీపై కెక్కించి వందల కిలోమీటర్లు పంపవలసియుండును. ఆ వారమంతయు ఇంటివారు పాత బండిలోనే తిరుగుదురు. వారు బియ్యపు మూటలు తెచ్చునది, ముసలివారిని ఆసుపత్రికి తీసికొనిపోవునది ఎప్పుడును ఆ పాత బండిలోనే. కొత్తదానిలో ఇద్దరికే చోటు.

వేగమునకై కొనిన కారు వేగమును వాడుకొనుటయు కుదరదు. నాలుగు వరుసల జాతీయ రహదారిపై కారులకు కేంద్రమువారు 2018లో గరిష్ఠముగా గంటకు 100 కిలోమీటర్లు నిర్ణయించిరి. కర్నూలునుండి కడపకు రహదారి సుమారు 200 కిలోమీటర్లు. మూడు సెకనులలో నూరు అందుకొని, మిగిలిన దారియంతయు ఇతరులతో సమానముగా పోవలెను. దారిలో గొర్రెల మందలు, నాపరాళ్ల లారీలు, ఎదురుదారిన వచ్చు ద్విచక్రములు ఉండనే యున్నవి.

ఇంతవరకు చెప్పినది సొమ్ము మాట. సొమ్ము పోయిన మరల సంపాదింపవచ్చును. ఇకమీద చెప్పునది తల్లులు శ్రద్ధగా చదువవలెనని మా కోరిక.

2024 మే 19 తెల్లవారుజామున పుణె నగరమున పదునేడేండ్ల బాలుడు నడిపిన పోర్షే కారు ఒక మోటారు సైకిలును ఢీకొట్టగా, ఇరువురు యువ ఇంజనీర్లు, ఒక యువతియు ఒక యువకుడును, మరణించిరి. ఆ బాలుని తల్లిదండ్రులును కేసులలో చిక్కుకొనిరి. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము 199ఏ సెక్షను ప్రకారము, మైనరు బండి నడిపి నేరము చేసిన, సంరక్షకులు లేక బండి యజమాని నేరస్థులగుదురు. మూడేండ్ల వరకు కారాగారము, ఇరువదియైదు వేల రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను పండ్రెండు నెలలు రద్దు. తమకు తెలియకుండ జరిగినదని రుజువు చేయవలసిన భారము పెద్దలదే. "అబ్బాయి ముచ్చట పడుచున్నాడు, ఊరి చివరి వరకేగదా" అని తాళపుచెవి ఇచ్చు చేయి చాలమార్లు తల్లిదియో, అవ్వదియో. చట్టము ఆ చేతిని చూచును. చట్టమునకు ముందుగా, ఎదుటి యింట కన్నబిడ్డను పోగొట్టుకొనిన తల్లి చూచును. ఈ మాట ఆరు కోట్ల కారునకే కాదు, మీ యింటి వసారాలో నిలిచియున్న మోటారు సైకిలునకును వర్తించును.

ఇక ఇల్లాలి సంతకము. పెద్ద యప్పులకు బ్యాంకువారు భార్యను జామీనుగానో, సహఋణస్థురాలిగానో సంతకము అడుగుట కలదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 128 సెక్షను ప్రకారము, ఒప్పందములో వేరుగా లేనియెడల, జామీనుదారు బాధ్యత ఋణస్థుని బాధ్యతతో సమానము. "ఇక్కడ ఒక సంతకము పెట్టు" అని కాగితము ముందుంచినప్పుడు, ఆ వాయిదా అంతయు తాను కట్టవలసి రావచ్చునని ఎరిగియే పెట్టవలెను. అట్లే నగల మాట. ప్రొద్దుటూరి బంగారపు బజారులో తల్లిగారు కొని యిచ్చిన హారము కుదువపెట్టి మొదటి వాయిదాకు సర్దుదమను మాట రావచ్చును. 2024 ఏప్రిలులో సుప్రీము కోర్టువారు స్త్రీధనము భార్యాభర్తల ఉమ్మడి ఆస్తి కాదనియు, భర్త ఆపత్కాలమున వాడుకొనినను తిరిగి యిచ్చుట ఆతని విధియనియు మరల స్పష్టపరచిరి. వేడుక కారు ఆపత్తు కాదు. ఇది భర్తతో కలహించుటకు చెప్పుట లేదు. ఎవరి సొత్తు ఏదియో తెలిసిన యింట కలహము తక్కువగా నుండును.

అట్లైన ఎవ్వరును కొనరాదా? మేమట్లనము. బోరుబావులు ఎండినను, వరుసగా రెండేండ్లు వానలు లేకున్నను ఇల్లు గడచుటకు వేరుగా ధనమున్నవారు, పిల్లల చదువులకును పెద్దల వైద్యమునకును తీసి యుంచినవారు, అప్పు లేక రొక్కముతో కొనగలవారు, ఆ సొమ్ము సగమై పోయినను నిద్ర చెడనివారు కొనవచ్చును. అది వారి సంతోషము. తక్కినవారికి వేగముపై నిజమైన ప్రేమ యున్నయెడల వేరు మార్గము కలదు. చెన్నపట్టణము చేరువ శ్రీపెరుంబుదూరు ప్రక్కన ఇరుంగాట్టుకోట్టైలో పందెముల కొరకే కట్టిన బాట 1990 నుండి నడచుచున్నది. కోయంబత్తూరులోను ఒకటి కలదు. అట్టి చోట్ల శిరస్త్రాణము ధరించి, శిక్షకుని యొద్ద నేర్చుకొని, ఎదురు బండ్లు లేని దారిలో నడుపుట భద్రమును, సులభమును. కుమారునకు కారు కొనియిచ్చుటకంటె అట్టి శిక్షణ యిప్పించుట మేలు, కుమార్తెకును ఇప్పింపవచ్చును.

ఇంట ఈ ముచ్చట వచ్చినప్పుడు కోపపడి వలదనినను, మౌనముగా తల యూపినను ఫలము లేదు. కోపమున వలదన్న కోరిక రహస్యముగా పెరుగును. మౌనమున నవునన్న వ్యయము మన తలపై పడును. కాగితము తీసి, ఇంటివారి నెదుట కూర్చుండబెట్టుకొని, ఈ ప్రశ్నలు వరుసగా వ్రాయుడు: మొత్తము వెల యెంత? ఐదేండ్లకు మిగులు విలువ యెంత? నెలకు వాయిదా, భీమా, పెట్రోలు, మరమ్మతు కలిసి యెంత? ఏడాదికి ఎన్నిమార్లు ఎక్కుదుము? ఎవరు నడుపుదురు, వారికి లైసెన్సు కలదా? ఆ సొమ్మే పొలములోనో, చదువులోనో పెట్టిన ఏమగును? జవాబులు అడిగినవారిచేతనే వ్రాయింపుడు. తన చేతితో వ్రాసిన అంకెను ఎవ్వరును తేలికగా త్రోసివేయరు.

అంకెలన్నియు చూచిన పిదపను కొనవలెనన్న కొందురుగాక. అప్పుడైనను ఇల్లాలికి తెలియకుండ వచ్చిన వస్తువని యనిపించుకొనదు. ఈ ప్రశ్నలను మీ యింటనున్న ఏ బండికైనను వేసి చూచి, మీ లెక్కలు ఎట్లు తేలినవో మాకు వ్రాయుడు. వచ్చు నెల ఇంటి భీమాలను గూర్చి ముచ్చటింతుము.